ఒక గొట్టం, నాలుగు తుపాకులు



టెక్సస్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఫోన్లో ఒక ప్రశ్న వేశాడు. "మామా, నా దగ్గర నాలుగు రైఫిళ్ళుండాయి. నాలుగింటికీ కలిపి ఒక్క సైలెన్సర్ కొంటే సరిపోద్దా?" అని. నేను ముత్తుకూరు చుట్టుపక్కల రొయ్యల గుంటల మీద డీజిల్ ఇంజన్లు, జనరేటర్లు చూసుకునే మనిషిని. "అబ్బయా, తుపాకి సంగతి నాకేం తెలుసు, పొగ సంగతి అడుగు, చెప్తా" అన్నాను. "అదే గదా మామా నేనడిగేది" అన్నాడు. ఆలోచిస్తే వాడన్నది నిజమే. దాని గురించే ఈ పూట నాలుగు మాటలు.

జనరేటర్ చప్పుడు ఎక్కడినుంచి వస్తుంది? ఇనప ముక్కలు ఒకదానికొకటి తగిలే చప్పుడు కొంత ఉంటుంది గానీ, అసలు మోత పొగగొట్టానిది. సిలిండర్లో డీజిల్ మండుతుంది, ఆ వేడి వాయువు ఒత్తిడితో ఉండగానే వాల్వు తెరుచుకుంటుంది. బయట చల్లగా, నెమ్మదిగా ఉన్న గాలి మీద అది ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ విరుచుకుపడటమే మోత. సైలెన్సర్ అనే డబ్బా చేసేది ఒక్కటే: ఆ వాయువుకు కాస్త చోటు, కాస్త సమయం ఇచ్చి, వేడి తగ్గించి, నిదానంగా బయటికి పంపుతుంది. రైఫిల్ కూడా ఇంజనే, ఒకే ఒక్క దెబ్బ కొట్టే ఇంజన్. పిస్టన్ బదులు గుండు ఉంటుంది, అది తిరిగి రాదు. గుండు తుపాకి గొట్టం, అంటే బారెల్, చివర దాటగానే దాని వెనకున్న వాయువు బయటి గాలి మీద పడుతుంది.

ఆ వాయువు బలం ఎంతటిదో మన ఊరివాళ్ళకు చెప్పడం తేలిక. నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ స్టేషన్ ఉంది కదా, ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు. అవి సూపర్ క్రిటికల్ బాయిలర్లు. అంటే అందులో ఆవిరి ఒత్తిడి 221 బార్ల పైమాటే. అలాంటి బాయిలర్ సేఫ్టీ వాల్వు లేచినప్పుడు ఆవిరిని ఊరికే గాల్లోకి వదిలితే చుట్టుపక్కల ఎవరూ నిలబడలేరు, అందుకే ఇలాంటి ప్లాంట్లలో ఆవిరి వదిలే గొట్టాలకు పెద్ద పెద్ద సైలెన్సర్లు పెడతారు. మామూలుగా వేటకు వాడే .308 రైఫిల్లో తూటా పేలిన క్షణాన గరిష్ఠంగా అనుమతించే ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. బార్లలో చెప్పుకుంటే నాలుగు వేలు దాటుతుంది. బాయిలర్ ఒత్తిడికి దాదాపు 20 రెట్లు. కాకపోతే అది సెకనులో వెయ్యో వంతు సేపే ఉంటుంది, గుండు గొట్టం చివరికి వచ్చేసరికి చాలా భాగం తగ్గుతుంది. తగ్గినా, మిగిలింది చెవిని పాడుచేయడానికి చాలు.

ఈ సైలెన్సర్‌ను జనంలోకి తెచ్చినాయన గురించి రేడియోలో చెప్పకపోతే తప్పవుతుంది. ఆయన పేరు హైరమ్ పెర్సీ మాక్సిమ్, అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, హార్ట్‌ఫర్డ్ ఊరు. తండ్రి మాక్సిమ్ మెషిన్ గన్ కనిపెట్టాడు. ఆ తుపాకుల మోతలో బతికి ముసలితనానికి ఆయన చెవులు దాదాపు పనిచేయలేదు. కొడుకు 1909లో తుపాకి సైలెన్సర్‌కు పేటెంటు తీసుకున్నాడు. తండ్రి మోత పెంచితే కొడుకు తగ్గించాడన్నమాట, ఇంటి గొడవ ఇంట్లోనే తీరింది! ఆ కొడుకే 1914లో అమెచ్యూర్ రేడియో వాళ్ళ సంఘాన్ని, అమెరికన్ రేడియో రిలే లీగ్‌ను, ఇంకొకాయనతో కలిసి స్థాపించాడు. ఇప్పుడు తుపాను వచ్చి టవర్లు పడిపోయినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్ళలాంటి హామ్‌లు సెట్లు పట్టుకుని వస్తారే, ఆ అలవాటుకు మొదటి పెద్దల్లో ఈయన ఒకరు. ఆయన సైలెన్సర్ కంపెనీ తరువాత తుపాకులు వదిలి ఇంజన్లు, కర్మాగారాల సైలెన్సర్ల వైపు మళ్ళింది. అంటే నా వృత్తికీ మా మేనల్లుడి సరదాకూ మూలపురుషుడు ఒకడే.

ఇక సైలెన్సర్ లోపల ఏముంటుందో చూద్దాం. పొడవాటి గొట్టం, అందులో వరసగా అడ్డుపలకలు, ప్రతి పలకకూ నడిమధ్య రంధ్రం. గుండు ఆ రంధ్రాల గుండా నేరుగా వెళ్ళిపోతుంది, దేన్నీ తాకదు, తాకకూడదు. వెనక వచ్చే వాయువు మాత్రం ప్రతి పలక దగ్గరా ఆగి, పక్కకు మళ్ళి, అరలో తిరిగి, ఆ తరువాతే ముందుకు పోతుంది. కనుపూరు కాలవ నీళ్ళు మడి మడికీ గట్టు దాటి దిగినట్టు, ఒత్తిడి మెట్టు మెట్టుగా దిగుతుంది. ఒక ముచ్చట కూడా ఉంది. మొదటి గుండు చప్పుడు తరువాతి గుండ్ల కంటే కాస్త గట్టిగా వినబడుతుంది. ఎందుకంటే కాల్చకముందు గొట్టం నిండా మామూలు గాలి ఉంటుంది, అందులో ఆక్సిజన్ ఉంటుంది, పూర్తిగా మండని మందు ఆ ఆక్సిజన్‌తో లోపలే మళ్ళీ అంటుకుంటుంది. రెండో గుండుకల్లా లోపల పొగ తప్ప మండించే గాలి మిగలదు.

ఇప్పుడు వాడి నాలుగు రైఫిళ్ళు. ఒకటి .22, డబ్బాలు కొట్టి నేర్చుకోవడానికి. రెండోది .223. మూడోది .308. నాలుగోది .300 విన్‌చెస్టర్ మాగ్నమ్, పెద్ద జంతువులకు, దూరానికి. పేర్లు వింటే గుండు లావు తెలిసిపోతున్నట్టు ఉంటుంది. మొదటి రెండింటి గుండు లావు దాదాపు ఒకటే, సుమారు 5.7 మిల్లీమీటర్లు. చివరి రెండింటి గుండు లావూ ఒకటే, 7.8 మిల్లీమీటర్లు. దీన్ని చూసి మావాడు అనుకున్నదేమిటంటే, చిన్న రంధ్రం గొట్టం ఒకటి, పెద్ద రంధ్రం గొట్టం ఒకటి, రెండు కొంటే పని అయిపోతుందని. లేదా పెద్ద రంధ్రానిది ఒక్కటి కొంటే నాలుగూ దాటతాయని.

గుండు దాటడం ఒక సంగతి, పొగను తట్టుకోవడం ఇంకో సంగతి. మందు ఎంత ఉందో చూడండి. .22లో ఉండేది గ్రాములో పదో వంతు. .223లో గ్రామున్నర పైచిలుకు. .308లో దాదాపు మూడు గ్రాములు. .300 మాగ్నమ్‌లో నాలుగున్నర, అయిదు గ్రాముల దాకా. ఒకే లావు గుండున్న .22కీ .223కీ మధ్య మందు తేడా పదిహేను రెట్లు! .308కి చాలిన గొట్టం మాగ్నమ్ కొడితే నిలుస్తుందా అంటే, రంధ్రం సరిపోయినా, గోడలు, పలకలు దానికోసం చేసి ఉండాలి. కాబట్టి మొదట అడగాల్సింది రంధ్రం ఎంత అని కాదు, తయారీవాడు ఏ తూటా వరకు హామీ ఇచ్చాడు అని.

దీనికి ఇంకో ఉదాహరణ చెబితే మావాడు నోరు మూసుకున్నాడు. 9 ఎం.ఎం. పిస్తోలు సైలెన్సర్ రంధ్రం 9 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది, వాడి నాలుగు రైఫిళ్ళ గుండ్లూ అందులోంచి సుబ్బరంగా పోతాయి. కానీ దాన్ని పిస్తోలు ఒత్తిడికే చేస్తారు, చాలా వాటిలో గోడ అల్యూమినియం. దానికి రైఫిల్ తగిలిస్తే పగలొచ్చు. మా దగ్గర కూడా జరిగేదే ఇది. నీళ్ళ మోటారుకు వాడే చిన్న ఇంజన్ సైలెన్సర్ ఇంట్లో పడి ఉందని గుంటగట్టు మీద పెద్ద జనరేటర్‌కు బిగిస్తారు. గొట్టం లావు ఫ్లాంజి వెల్డింగుతో కలుస్తుంది కాబట్టి సరిపోయిందనుకుంటారు. పొగ బయటికి పోలేక వెనక్కి తంతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, నల్లపొగ మొదలవుతుంది, గుంట నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ల లోడు పడగానే నీరసపడుతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గే వేళకు ఏరియేటర్ ఆగితే రొయ్యకు ఎంత ప్రమాదమో గుంట ఉన్న ప్రతివాడికీ తెలుసు. పెద్ద ఇంజన్ సైలెన్సర్‌ను చిన్న ఇంజన్‌కు పెడితే మాత్రం ఏమీ కాదు, మోత కాస్త ఎక్కువ వినబడుతుంది, అంతే.

రైఫిల్‌కూ ఇదే లెక్క. .308 కోవ గుండుకు, మాగ్నమ్ వరకు హామీ ఉన్న గొట్టం ఒకటి కొంటే అది .308కీ, మాగ్నమ్‌కీ, .223కీ పనికొస్తుంది. .223కి రంధ్రం కాస్త వదులు కాబట్టి దానికే చేసిన గొట్టం కంటే కొద్ది డెసిబెల్స్ ఎక్కువ వినబడుతుంది. చెవి ఆ తేడాను పట్టుకోవడం కష్టం. అన్నిటికీ పనికొచ్చేది దేనికీ నంబర్ వన్ కాదు, అయినా నష్టం తక్కువ. నా అభిప్రాయం అడిగితే, మూడు రైఫిళ్ళకు మూడు కొని మూలన పడేయడం కంటే ఇదే మేలు.

.22ని మాత్రం అందులోంచి బయటపెట్టమన్నాను. దాని గుండు మెత్తటి సీసం, మందు మురికి. సీసం, మసి గొట్టం లోపల పేరుకుపోతాయి. రైఫిల్ సైలెన్సర్లు చాలావరకు వెల్డింగు చేసి మూసేసినవి, విప్పి కడగడానికి వీలుండదు. మురికి పేరుకుని గొట్టం బరువు పెరుగుతుంది, పలకల మధ్య అరలు పూడిపోతాయి. కాబట్టి .22కి విప్పి శుభ్రం చేసుకునే చిన్నది వేరే ఉండాల్సిందే. చవకే, తేలికే. ఒకటి కొందామనుకున్నవాడికి రెండు తప్పలేదు.

తరువాతది మర. గొట్టాన్ని తుపాకి మూతికి మరతో బిగిస్తారు. అమెరికాలో .223లకు సాధారణంగా అర అంగుళం, అంగుళానికి 28 మరలు. .308లకు అంగుళంలో అయిదు ఎనిమిదో వంతు, 24 మరలు. ఏకే కోవ తుపాకుల్లో ఎడమ మర కూడా ఉంటుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చాలంటే మధ్యలో అడాప్టర్ కావాలి, అది వెంట్రుకవాసి వంకరగా బిగిసినా గుండు లోపలి పలకను తాకుతుంది. తాకితే గొట్టం పాడవటం చిన్న నష్టం, గుండు ఎటు పోతుందో తెలియకపోవడం పెద్ద నష్టం. అందుకే వాళ్ళు కాల్చకముందు గొట్టంలోంచి తిన్నని కడ్డీ పెట్టి నడిమధ్యగా ఉందా అని చూసుకుంటారు. దాన్ని నేను మెచ్చుకున్నాను. షాఫ్టు అలైన్‌మెంటు చూడకుండా పంపు స్టార్టు చేసేవాళ్ళు మన దగ్గర ఎంతమంది!

బారెల్ పొట్టిగా ఉంటే మూతి దగ్గర ఒత్తిడి ఎక్కువ మిగులుతుంది, కాబట్టి ఒకే తూటాకు కూడా ఏ పొడవు బారెల్ వరకు వాడొచ్చో తయారీవాళ్ళు కాగితం మీద రాసిస్తారు. గొట్టం బరువు మూతికి వేలాడితే గురి కొంచెం జరుగుతుంది, ఒక్కో రైఫిల్‌కు ఒక్కోలా. ప్రతిసారీ మళ్ళీ గురి సరిచూసుకోవాలి. తనంతట తానే తూటా నింపుకునే రైఫిళ్ళలో వాయువు వెనక్కి తన్ని కాల్చేవాడి ముఖం మీదికి పొగ కొడుతుంది. ఆ మాట విని నవ్వొచ్చింది, మా జనరేటర్ల వెనకతన్నుడే అక్కడా.

ఇంత ఖర్చు పెడితే నిశ్శబ్దం వస్తుందా అంటే రాదు. సినిమాల్లో హీరో గొట్టం తిప్పి 'టుప్' అనిపిస్తాడే, అది అబద్ధం. .308 రైఫిల్ మూతి మోత సుమారు 165 డెసిబెల్స్. మంచి సైలెన్సర్ 25, 30 డెసిబెల్స్ తగ్గిస్తుంది. మిగిలేది 135, 140 మధ్య. ఒక్క దెబ్బకు చెవి పాడయ్యే గీత 140 దగ్గర గీశారు, ఆ గీత కిందికి దింపడమే ఈ గొట్టం ఘనకార్యం. పైగా మోతలు రెండు. ఒకటి మూతి మోత, గొట్టం తగ్గించేది దీన్నే. రెండోది గుండు గాల్లో చేసే చప్పుడు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, మన ఎండల్లో 350. .308 గుండు 800 దాటి పోతుంది. శబ్దాన్ని దాటి పోయే గుండు దారి పొడవునా కొరడా కొట్టినట్టు చప్పుడు చేస్తూ పోతుంది, దాని మీద ఏ గొట్టానికీ అధికారం లేదు. కావాలంటే శబ్దం కంటే నెమ్మదిగా పోయే తూటాలున్నాయి, వాటికి దూరం, బలం తక్కువ. మన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన ఎయిర్ రైఫిల్ ఇంత మోత చేయదు. దాంట్లో మందు లేదు, బిగించిన గాలే, 4.5 మిల్లీమీటర్ల పెల్లెటు శబ్దవేగం అందుకోదు.

టెక్సస్‌లో వీటితో ఏం పని అంటే, అడవిపందులు. పొలాలను దున్నేస్తాయి, రాష్ట్రం వాటిని చంపడాన్ని ప్రోత్సహిస్తుంది, 2012 నుంచి అన్ని రకాల వేటలోనూ సైలెన్సర్ వాడనిస్తోంది. దేశం మొత్తానికి 1934 చట్టం కింద ఒక్కో సైలెన్సర్‌కు 200 డాలర్ల పన్ను ఉండేది, ఆ రోజుల్లో అది తుపాకి ధరను మించిన పన్ను. 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా అయింది. రిజిస్ట్రేషన్, వేలిముద్రలు మాత్రం అలాగే ఉన్నాయి. న్యూజిలాండ్‌లో అయితే ఇన్ని కాగితాలు లేవు, వేటగాడి చెవి కాపాడే వస్తువుగానే చూస్తారు.

మన దగ్గర సంగతి వేరు, దీన్ని కాస్త నింపాదిగా చెప్పాలి. 1959 ఆయుధాల చట్టంలో 'ఫైర్ ఆర్మ్' అంటే ఏమిటో చెప్పేచోట, కాల్చిన చప్పుడునో మెరుపునో తగ్గించడానికి చేసిన ఉపకరణాన్ని కూడా అందులోనే కలిపారు. అంటే తుపాకి లేకుండా ఒట్టి గొట్టం మీ దగ్గరున్నా చట్టం దృష్టిలో అది ఆయుధమే. నియమాల్లో దాన్ని మొదటి కేటగిరీలో, మామూలు పౌరుడికి దొరకని వరసలో పెట్టారు. సైన్యం, పోలీసు వాడే .303, 7.62 కోవ రైఫిళ్ళకూ అదే కట్టడి, అందుకే మన పల్లెల్లో లైసెన్సు రైఫిల్ అంటే .315 బోరు, కాకపోతే 12 బోరు తుపాకి. మా మేనల్లుడు "పాతది ఒకటి తెచ్చి చూపిస్తా మామా" అని సరదాగా అన్నాడు. సూట్‌కేసులో పెట్టుకు వస్తే చెన్నై విమానాశ్రయం దాటి రాలేవురా, నేను బెయిలుకు తిరగలేను అని చెప్పాను. వేటపాలెం అయినా వెంకటగిరి అయినా, యూట్యూబు చూసి వర్క్‌షాపులో గొట్టం తిప్పించుకుందామనుకునే కుర్రాళ్ళకూ ఇదే మాట. పగిలితే వేళ్ళు పోతాయి, పగలకపోతే కేసు. ఏ లేత్ మేస్త్రీ దీనికి ఒప్పుకోకూడదు.

చట్టం ఎలాగున్నా మోత బాధ మనదీ. గుంటల మీద నీటికాకులు, కొంగలు దిగితే రొయ్యను తింటాయి. తెల్లమచ్చ తెగులు వచ్చి చచ్చిన రొయ్యను కాకి ఎత్తుకెళ్ళి పక్క గుంటలో పడేస్తే వైరస్ అటూ పోతుంది. అందుకని టపాకాయలు కాలుస్తారు. వాటి మోతకూ హద్దుంది, నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ మించిన టపాకాయ తయారు చేయకూడదు, అమ్మకూడదు. పైగా పక్షి రెండు రోజుల్లో ఆ మోతకు అలవాటు పడిపోతుంది, పక్కింటి పసిబిడ్డ మాత్రం అలవాటు పడదు. గుంట మీద వల, తళతళలాడే రిబ్బన్లు కట్టినవాళ్ళకు ఖర్చు ఒక్కసారే. మన ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాల వాళ్ళనడిగితే ఎక్కడ ఎంత ఎత్తున కట్టాలో చెబుతారు. తుపాకి ఎత్తడం అసలు మాటే వద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

జనరేటర్ కొనేటప్పుడు ఇంకో లెక్క చూసుకోండి. 1000 కేవీఏ లోపు డీజిల్ జనరేటర్ పెట్టెకు ఒక మీటరు దూరంలో మోత 75 డెసిబెల్స్ దాటకూడదని నియమం ఉంది. కొత్తవి ఆ పెట్టెతోనే వస్తాయి. మనవాళ్ళు చేసే పని, వేడెక్కుతుందని పెట్టె తలుపులు తీసేసి కట్టెతో ఆనించి నడపడం! అలా చేస్తే పెట్టెకు పెట్టిన డబ్బు గాలికి పోయినట్టే. వేడెక్కితే గాలి వచ్చే దారి, రేడియేటర్ జల్లెడ శుభ్రం చేయించండి. సైలెన్సర్ తుప్పు పట్టి మార్చాల్సి వస్తే, ఇంజన్ కంపెనీ చెప్పిన వెనక ఒత్తిడి హద్దు ఎంతో అడిగి దానికి తగిన డబ్బా తీసుకోండి, సంతలో దొరికింది కాదు. పొగగొట్టం మూతి ఇళ్ళవైపు కాకుండా సముద్రంవైపు తిప్పండి.

పాత జనరేటర్ దగ్గర రాత్రంతా కాపలా ఉండే కుర్రాళ్ళకు చెవికి పెట్టుకునే మఫ్లు కొనివ్వండి. టెక్సస్‌లో సైలెన్సర్ ఉన్నవాళ్ళు కూడా అవి పెట్టుకునే కాలుస్తారు. మా దగ్గర పనిచేసే పిల్లలకు ఇచ్చాను. పెట్టుకుంటే ఫోను మోగింది వినబడటం లేదని గొణుగుతున్నారు. వైబ్రేషన్‌లో పెట్టి చొక్కా జేబులో వేసుకోమన్నాను.